సోడాబుడ్డి కంటి కొలత

లేత్ షెడ్డులో అందరూ అతన్ని సోడాబుడ్డి అనే పిలిచేవారు. అద్దాలు అంత మందం మరి. అసలు పేరు ఒకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ముప్ఫయ్యేళ్లుగా ఇనుప కడ్డీలు చెక్కి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇరుసులు చేసి ఇవ్వడం అతని పని. అద్దాలు తీస్తే తన చేతివేళ్లు కూడా మసకే. పెట్టుకుంటే మాత్రం షెడ్డులో అతనికి తిరుగులేదు. తిరుగుతున్న యంత్రం పక్కన జంకూ గొంకూ లేకుండా నిలబడే మనిషికి కళ్ల మాట ఎత్తితే మాత్రం హడలు.

పదేళ్ల కూతురికి ఏటేటా అద్దాల నంబరు పెరిగిపోతుంటే కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె పాప కళ్ల కంటే ముందు తండ్రి అద్దాలనే చూసింది.

"ఇంత నంబరు ఉన్నవాళ్లకు కనుగుడ్డు వెనక్కి సాగుతుందండి. లోపల గోడకు అంటుకుని ఉండే పలచని పొరే రెటీనా. గుడ్డుతో పాటు అదీ సాగుతుంది. తల్లిదండ్రులకూ పిల్లలకూ కలిపి ఎమ్మారై స్కానుతో ఆ పొర ఆకారం కొలుస్తున్నాం. మీది ఎటు సాగిందో తెలిస్తే పాప విషయంలో ముందే జాగ్రత్తపడొచ్చు."

"సాగి సాగి చిరుగుతుందా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"కొందరికి చిరుగుతుంది. అందుకే కొలుద్దాం అంటున్నాను."

ఆ వారమంతా అతనికి చిరుగుతుంది అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. పాప కోసం కాకపోతే ఆ ఛాయలకే పోయేవాడు కాదు.

చెప్పిన రోజున భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. స్కాను గది బయట టెక్నీషియన్ అమ్మాయి ఓ కాగితం పట్టుకుని గడగడా ప్రశ్నలు చదివింది. గుండెలో యంత్రం పెట్టారా? కాల్లో రాడ్డు ఉందా? లేదు, లేదు.

"కంట్లో ఎప్పుడైనా ఇనుప ముక్క దిగిందా బాబాయ్‌గారూ?"

"లేదమ్మా."

అబద్ధం ఆడాలని కాదు. వంటమనిషికి ఉల్లిఘాటు ఎంతో, లేత్ పనివాడికి కంట్లో ఇనుప రజను పడటం అంత. నీళ్లు కొట్టుకుని మళ్లీ పనిలో పడతారు. పైగా ఎంత తొందరగా అయిపోతే అంత మేలన్న కంగారు.

"ఆయన ఒంట్లో ఇనుమెక్కడిదమ్మా, ఉన్నదంతా షెడ్డులోనే ధారపోసి వచ్చారు" అంది భార్య. అమ్మాయి నవ్వుతూనే బెల్టు, తాళాలు, ఉంగరం, చివరికి అద్దాలు కూడా తీయించింది.

"లోపల ఉన్నది పెద్ద అయస్కాంతం. ఇనుప కుర్చీ తెచ్చినా లాగేసుకుంటుంది. అందుకే ఇంత జాగ్రత్త."

అద్దాలు లేని ఆ గది అతనికి తెల్లటి పొగలా కనబడింది. బల్ల మీద పడుకోబెట్టి తల చుట్టూ ఓ బోను బిగించారు. ఎక్కడో యంత్రం టక్, టక్‌మని కొట్టుకుంటోంది. అమ్మాయి పక్కనే నిలబడి మీట నొక్కింది. బల్ల సొరంగంలాంటి యంత్రంలోకి కదిలింది.

కుర్చీని కూడా లాగేసుకుంటుంది. ఆ మాట దగ్గరే అతని ఆలోచన ఆగిపోయింది.

అప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. ఉలి మీద సుత్తి దెబ్బ పడింది, ఎడమ కంట్లో చురుక్కుమంది. మేస్త్రీ రెప్ప తిరగేసి, తడిగుడ్డ అంచుతో తుడిచి, "పోయిందిరా, పో, పని చూసుకో" అన్నాడు. ఏం పోయిందో చూపించలేదు. రెండు వారాలు కన్ను ఎర్రగా ఉండి తగ్గింది. ఆ తర్వాత సాయంత్రమైతే ఆ కంటి ముందు ఏదో తెర కట్టినట్టు ఉండేది. అద్దాల తప్పేననుకున్నాడు.

ఆ ముక్క ఇంకా కంట్లోనే ఉంటే? చెబుదామంటే మొహమాటం. ఇంతకు ముందేగా లేదన్నాడు, ఇప్పుడు ఉందంటే ఏమనుకుంటారో! సొరంగం అంచు నుదుటి మీదికి వచ్చేస్తోంది. కంట్లో ఏదో కదిలినట్టు అనిపించింది. నిజమో భ్రమో తెలియలేదు.

"ఆపండి! అమ్మా, ఆపు! కంట్లో ఇనుము ఉందేమో!"

బల్ల ఠక్కున ఆగింది. అమ్మాయి గొంతు మారిపోయింది.

"తల కదపొద్దు బాబాయ్‌గారూ. అస్సలు కదపొద్దు. మెల్లగా వెనక్కి తీస్తున్నాను."

బయటికి తెచ్చి కూర్చోబెట్టి, ఆ పిల్ల డాక్టరమ్మకు కబురు పెట్టింది. సంగతి విన్న భార్యకు భయం కోపమై పొంగింది.

"పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా మీకు?"

"చెప్పడానికేముందే, పోయిందనుకున్నా."

కంటికి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ కాసేపట్లో అతను తన కన్ను పోయినట్టే లెక్కేసుకున్నాడు. చివరికి ఆమె వేలితో చూపించింది. ఎడమ కంట్లో, వెనకవైపు, నూకంత తెల్లటి చుక్క.

"రెటీనా అంచున గుచ్చుకుని ఉంది. ముప్ఫయ్యేళ్లుగా అక్కడే తుప్పు పట్టింది. మీకు తెరలా కనబడేది దానివల్లే. బల్ల ఇంకాస్త లోపలికి వెళ్లి ఉంటే అయస్కాంతం దీన్ని కదిలించేది. కన్ను మిగిలేది కాదు."

పది రోజుల తర్వాత ఆపరేషన్ చేశారు. మెలకువగానే ఉంచి చేశారు. నొప్పి లేదు గానీ, కంటి లోపల సన్నని నీడ వచ్చి ఏదో పట్టుకుని పోవడం అతను చూశాడు. బయట ఉన్న భార్యకు అతని కేక వినిపించింది. ఆ మాట అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

కన్ను మానాక, మళ్లీ ఎక్స్‌రే తీసి ఏమీ లేదని రూఢి చేసుకుని, ఆ సొరంగంలోకే పంపారు. గంటసేపు సుత్తులతో బాదినట్టున్న మోత మధ్య చెమటలు కక్కుతూ కదలకుండా పడుకున్నాడు. రెటీనా ఆకారం తేలింది. కుడి కంట్లో వెనక గోడ సమంగానే సాగింది. ఎడమ కంట్లో మాత్రం ఒక పక్కకు చిన్న గుంటలా దిగింది. చిరుగు ఇంకా లేదు. పాపకూ స్కాను తీశారు. అలాంటి గుంట ఏదీ పడలేదు, ఆరు నెలలకోసారి చూపిస్తే చాలన్నారు. తండ్రికి ఆ తెర మాత్రం పూర్తిగా పోదన్నారు.

పొర దెబ్బతింటే నిటారు గీతలు వంకరగా కనబడతాయని, అలా కనబడితే ఆ రోజే రమ్మని చెప్పింది డాక్టరమ్మ. అప్పటినుంచి పొద్దున్నే పళ్లు తోముకోకముందే గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి, ఒక కన్ను మూసి గళ్లు చూడటం అలవాటైంది. గీతలు నిటారుగానే ఉంటాయి. అయినా నమ్మకం కుదరదు, రెండోసారి చూస్తాడు.

"పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూళ్లేదు" అంటుంది భార్య వంటింట్లోంచి.

"ఉండవే, ఇంకో కన్ను ఉంది" అంటాడతను.