ఆళ్లగడ్డలో దిగినామె

నంద్యాలలో బస్సెక్కాక నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. బస్సు కదలకముందే, "ఒక్కదానివే పోతాండావ్, మీ ఆయన యాడ?" అని అడిగింది.

"మొన్న వేసవిలో పోయారండీ" అన్నాను.

మా కాకినాడ వైపైతే ఆ మాట వినగానే ఎవరైనా చూపు తిప్పుకుంటారు. ఈమె నా వైపే తిరిగింది. "ఆయప్ప పేరేంది? ఎట్లుండేటోడు?"

నేను బాధపడతానని ఇన్నాళ్లూ మా ఇంట్లో ఆయన పేరే ఎత్తడం లేదు. "సూర్యం" అన్నాను. ఆయన నవ్వు గురించీ, కాఫీలో పంచదార కోసం నాతో పడే పేచీ గురించీ చెబుతూ పోయాను.

కాసేపటికి, మీరెక్కడికి అని అడిగాను.

"ఆళ్లగడ్డకు, అల్లునింటికి. నా బిడ్డ సచ్చిపోయినాక అల్లుడు మళ్లా పెండ్లి చేసుకున్నాడు. ఆ పిల్లకిప్పుడు నెలలు నిండినాయి. తల్లి లేదు పాపం. కాన్పుకు నేనే ఉండల్ల."

"మీకు కష్టంగా ఉండదా?"

"ల్యాకేం? నా బిడ్డ తిరిగిన ఇల్లు. పోయిన తూరి వంటింట్లో కూర్చోని ఏడ్చినా. ఏడ్చి, ముఖం కడుక్కోని, ఆ పిల్లకు అన్నం పెట్టినా. దుక్కం యాడికీ పోదుమ్మా. దాన్ని పక్కన బెట్టుకోనే పని చేసుకోవల్ల."

ఆళ్లగడ్డ బస్టాండులో ఒక నిండు చూలాలు నడుం పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మా, ఇంతసేపాయనే!" అంది. "ఎండలో ఎందుకొచ్చినావే?" అని కసురుతూనే ఈమె ఆ పిల్ల భుజం పట్టుకుంది.

నేను కడప పోవాలి. ఇంటికెళ్లగానే ఈమె సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను. లేరని గుర్తొచ్చేసరికి బస్సు ఊరు దాటింది. అయినా దిగేదాకా మనసులో ఆయనకే చెప్పుకుంటూ వెళ్లాను.