మొహం రాని ఫొటో

ఇటలీకి ఎదురు ఒడ్డునున్న జర్జీస్ రేవులో, ఫొటోలు తీసే మున్సిఫ్ అనేవాడి సంగతి తెలియనివాడు లేడు. ఒకసారి ఒంటెను తీస్తే మూపురం ఒక్కటే వచ్చిందట, కొనుక్కున్నవాడు దాన్ని కొండనుకుని మేకల్ని తోలుకెళ్లాడట. అబద్ధమనుకుంటే మేకల్నే అడగండి. పెళ్లికూతుర్ని తియ్యమంటే గోరింట పెట్టిన మడమలు తీసేవాడు. మనిషిని ఓ మూలకు నెట్టి, మిగతా కాగితమంతా ఆకాశానికి వదిలేసేవాడు. మొహం ఎవడైనా తీస్తాడని కాఫీ కొట్టు దగ్గర మీసం మెలేసేవాడు.

ఆ చలికాలం వలలు అల్లే మబ్రూక అతని దుకాణానికి వచ్చింది. ఆమె కొడుకు సాబిర్ దొంగపడవలో ఇటలీకి బయల్దేరి అజాపజా లేకుండా పోయాడు. అలా వెళ్లే కుర్రాళ్లు, అక్కడి పోలీసులు పట్టుకున్నా ఏ దేశంవాళ్లో తెలిసి వెనక్కి పంపకుండా, ముందే కాగితాలు కాల్చేస్తారు. సాబిర్ గుర్తింపు కార్డుతో పాటు ఇంట్లో ఉన్న తన ఫొటోలన్నీ పొయ్యిలో వేసి మరీ వెళ్లాడు.

“నువ్వొకసారి వాణ్ణి తీశావటగా నాయనా. అదిస్తే రేవు రేవుకీ తిరిగి చూపిస్తా.”

మున్సిఫ్ పాత ఫొటోల పెట్టె దించాడు. వెతికి తీసి బల్ల మీద పెట్టాడు. నిండా సముద్రం. కింది మూలన సాబిర్ మెడ, ఒక చెవి, దాని వెనక చిన్నప్పుడు గాలం దిగిన వంకర మచ్చ. అంతే.

“మొహమేదీ?”

“అటు చూస్తున్నాడు, పిన్నీ.”

“మరి నేనెవరికి చూపించను? మా వాడు అటు తిరిగున్నాడని చెప్పనా?”

అయినా కొంగులో దాచుకుని వెళ్లింది. మున్సిఫ్‌కు ఆ రోజు నుంచి గొప్పలు గొంతు దాటలేదు. ఎవరి ఫోన్లోనైనా సాబిర్ మొహం ఉందేమోనని పడవలవాళ్లందరినీ అడిగాడు. ఎక్కడా లేదు.

కొన్నాళ్లకు పక్క రేవు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. సముద్రం ఒడ్డుకు చేర్చిన శవానికి మొహం మిగల్లేదు. చెవి వెనక మచ్చ మిగిలింది. ఫొటో పక్కన పెట్టి చూస్తే, అదే మచ్చ.

ఊరంతా మున్సిఫ్‌ను మెచ్చుకుంది. నీ వంకర బుద్ధి వల్లే ఆ బిడ్డ అనాథ శవంలా కాక తన పేరుతో మట్టిలోకి వెళ్లాడురా అని కాఫీ కొట్టులో భుజం తట్టారు. అతను కాఫీ ముట్టలేదు.

పరామర్శకు వెళ్తే మబ్రూక ఫొటో తిరిగి చేతిలో పెట్టింది.

“అందరిలా మొహం తీసుంటే, నేనింకా ఎదురుచూస్తూ ఉండేదాన్ని నాయనా.”

ఇప్పుడు ఎవరొచ్చినా మున్సిఫ్ బుద్ధిగా మొహమే తీస్తాడు. తీశాక, ఒక్కసారి అటు తిరగమంటాడు. ఎందుకని ఎవరూ అడగరు.