దయాకర్ పేజీకి వచ్చినవాళ్లు

నాచారంలో ఒక మందుల కంపెనీలో దయాకర్ అకౌంట్స్ గుమాస్తా. ముప్పై దాటాక పెదవుల చుట్టూ, తర్వాత చేతుల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. క్యాంటీన్‌లో కొందరు ఆయన తాగిన గ్లాసు ముట్టుకునేవారు కాదు. అంటుకునే జబ్బు కాదని ఎంతమందికని చెప్తాడు? 2012లో, ఉప్పల్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే బావమరిది శివ సాయంతో, తను పడ్డదీ తెలుసుకున్నదీ అంతా తెలుగులో ఒక వెబ్ పేజీగా పెట్టాడు. బొమ్మలు లేవు, హంగులు లేవు. అడుగున తన ఫోన్ నంబరు.

ఎంతమంది చూశారో అంకెలో చూపించే కౌంటర్ ఒకటి ఉచితంగా దొరికితే, శివ దాన్నీ తగిలించాడు. అంకె పెరిగినప్పుడల్లా దయాకర్‌కు మనసు తేలికపడేది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది.

"అన్నా, బొల్లి గురించి రాసింది మీరేనా? మౌలాలి నుంచి మాట్లాడుతున్న. మీ పేజీ సూసినకాంచి మా ఇంట్ల కంప్యూటర్ల ఏది తెరిసినా బొల్లి మందుల ప్రకటనలే వస్తున్నయి. ఇవి ఎవలకోసమని మా అత్త అడిగింది. నా నడుముకాడ మచ్చలున్నట్టు మా ఆయనకు తప్ప ఎవలకు తెల్వదు."

"నేను ఏ ప్రకటనలూ పెట్టలేదమ్మా."

"మరి వాళ్లకెట్ల తెలిసింది?"

దయాకర్ శివకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

సాయంత్రం శివ చాలాసేపు వెతికాడు. "కౌంటర్‌తోనే అయినట్టుంది బావా. అది ఉత్తగ లెక్కవెడ్తలేదు. ఎవరొచ్చి ఏం సూసిన్రో ప్రకటనలోళ్లకు అందిస్తున్నది."

"తీసెయ్."

"తీసేస్తే ఎవలన్న సదువుతున్నరో లేదో మనకు తెల్వదు."

దయాకర్ అయోమయంగా తెర వైపు చూశాడు. మేలు చేస్తున్నాననుకున్నాడు. ఇంకా ఎవరెవరి ఇళ్లలో ఏం జరిగిందో. "అయినా తీసెయ్," అన్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఏ కబురూ లేదు. పేజీని తనొక్కడే చూసుకుంటున్నాడేమో అనిపించేది. అప్పుడు ఆ మౌలాలి ఆమే మళ్లీ ఫోన్ చేసింది.

"నేను గూడ గసుంటి పేజీ పెట్టాలనుకుంటున్న. పేరు రాయకుంటె నడుస్తదా?"

"నడుస్తది. వచ్చినోళ్లను లెక్కవెట్టేది మాత్రం పెట్టకమ్మా."

ఎలా పెట్టాలో శివ ఫోన్‌లోనే చెప్పాడు. రాసుకున్నది ఆమే.

జబ్బును దాచుకోవద్దని, అందరికీ చెప్పమని దయాకర్ తన పేజీలో రాశాడు. ఆమె రాసింది వేరు: "చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పనంత మాత్రాన మీరు పిరికివాళ్లు కారు."

దయాకర్ అది మళ్లీ మళ్లీ చదివాడు. తను రాసింది తప్పనిపించలేదు. ఆమెది కాదనడానికీ మనసొప్పలేదు. తన మాట చెరిపేద్దామా అనుకుని, ఆగి, చివరకు దాని కింద ఒక వాక్యం చేర్పించాడు: "ఇంకొకరు ఇలా కాదంటున్నారు. అదీ చదవండి." పక్కనే ఆమె పేజీకి లింకు పెట్టమన్నాడు.

"గిప్పుడు సదివేటోళ్లు ఎవల మాట ఇనాలె బావా?" అన్నాడు శివ.

"నాకూ సమజైతలేదు," అన్నాడు దయాకర్.