విడిగా తీసిన చుక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ప్రపంచంలో ఏదీ లేదు. అమెరికాలోని చాండ్లర్‌లో మొదటి ఉద్యోగం, చేరి రెండు నెలలు. ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్ కోసం ఫోన్ యాప్ చేస్తున్నాం. వెయిటింగ్ రూములో ఉన్న ప్రతి పేషెంటు పేరు పక్కనా ఆకుపచ్చటి గుండ్రటి చుక్క ఉంటుంది. ఎవరైనా అరగంట దాటి కూర్చుంటే వాళ్ళ చుక్క ఎర్రబడాలి. అంతే. మా టీమ్ లీడ్ (ఒక్క మాట మాట్లాడి ఆగిపోతారని మేం పెట్టుకున్న పేరు ఫుల్‌స్టాప్‌గారు) మీటింగులో "ఎంత టైమ్?" అన్నారు. "టెన్ మినిట్స్ పని సార్" అన్నాను నవ్వుతూ. (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

పది నిమిషాలు కాస్తా మూడు రోజులయ్యాయి. మొదట రంగు మార్చగానే గుండ్రటి చుక్క ఎర్రటి చతురస్రమై కూర్చుంది. దాన్ని బతిమాలి గుండ్రంగా చేస్తే, ఒక్క పేషెంటుకి రంగు మార్చినా జాబితాలో అందరి చుక్కలూ ఎర్రబడిపోతున్నాయి, అప్పుడే తలుపు తీసుకుని లోపలికొచ్చినవాళ్ళవి కూడా. గురువారం మధ్యాహ్నం రెండింటికి డాక్టరుగారికి చూపించాలి. "అవకపోతే ఈ స్క్రీన్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. నువ్వు టెస్టింగ్‌కి వెళ్ళిపో" అన్నారు ఫుల్‌స్టాప్‌గారు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

గురువారం ఇంటి నుంచే పని. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తయ్యకి (మా ఆయన వాళ్ళమ్మ) సాయం చేస్తున్నాననుకుని, పొద్దున్నే ఆవిడ కొత్త ఎర్ర నేతచీరని మా ఆయన తెల్లచొక్కాలతో కలిపి మెషీన్‌లో వేశాను. పదకొండింటికి అత్తయ్య కేక. వెళ్ళి చూస్తే ఐదు చొక్కాలూ గులాబీ రంగు!

"ఏమ్మా, కొత్త చీరని మొదటిసారి ఉప్పునీళ్ళలో విడిగా జాడించాలని తెలీదూ? అన్నీ ఒక్క నీళ్ళలో వేస్తే అన్నిటికీ అదే రంగు అంటుకోదూ? దాన్ని ముందు విడిగా తియ్యాలి!"

"అత్తయ్యా, మళ్ళీ చెప్పండి!"

"ఏంటి, తిట్టా?"

ఆవిడని వాటేసుకుని లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను. నా చుక్కలన్నీ ఒక్క నీళ్ళలోనే నానుతున్నాయి! అన్నీ ఒకే బొమ్మ దగ్గర రంగు అప్పు తెచ్చుకుంటున్నాయి. రంగు మార్చాల్సిన చుక్కని ముందు విడిగా తియ్యాలి. వెతికితే, అందుకు కోడ్‌లో ఒక్క మాట చాలట. రాశాను. ఒక్క పేషెంటు ఎర్రబడ్డాడు, మిగతావాళ్ళు పచ్చగా, చల్లగా కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి అత్తయ్య చేతులు పట్టుకుని గిర్రున తిప్పేశాను.

రెండింటికి డాక్టరుగారు "పర్ఫెక్ట్!" అన్నారు. ఫుల్‌స్టాప్‌గారు "గుడ్" అని ఆగి, కాసేపటికి "వెరీ గుడ్" అని కూడా అన్నారు. సాయంత్రం మా ఆయన గులాబీ చొక్కా తొడుక్కుని మమ్మల్ని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళాడు. అత్తయ్యకి రెండు స్కూపులు.

ఇప్పుడు నేనే లీడ్‌ని. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఆ పాత కోడ్ తెరిచింది. "అక్కా, ఇక్కడెవరో 'అత్తయ్య చెప్పారు, విడిగా తియ్యాలి' అని కామెంట్ రాశారు. తీసేసి అంతా నీట్‌గా మార్చెయ్యనా? టెన్ మినిట్స్ పని" అంది. అచ్చం అదే నవ్వు. ఎంత ముద్దొచ్చిందో!

"ఉండనీ" అన్నాను. ఒక్క మాట అని ఆగిపోయానని తర్వాత గాని తెలియలేదు.