అవ్వ పెంటకుప్ప మీద నేను పోసిన నీళ్లు

నర్మెట్టలో మా పాత పొరుగాయన మొన్న తొర్రూరు బస్టాండులో కనబడి, మీరు అద్దెకున్న ఇంటి అవ్వ పోయిందమ్మా అన్నాడు. మావారి బడి ఉద్యోగం వల్ల ఆమె ఇంట్లో నాలుగేళ్లు ఉన్నాం. మంచం పట్టలేదట, దవాఖానకు తిప్పించుకోలేదట. పొద్దుటి ఎండలో చాయ్ తాగి, గోడకు ఆనుకుని అట్లాగే పోయిందట. ఏడుపు వచ్చింది. ఆ వెంటనే, ఇంకొకరి చేత నీళ్లు తాగించుకునే రోజు ఆమెకు రాలేదు కదా అని గుండె తేలికపడింది.

అవ్వకు ఒక బర్రె, ఊరి చివర చిన్న కూరగాయల మడి, పెరట్లో ఒక పెంటకుప్ప ఉండేవి. మడిలో కాసిన వంకాయ, మిరపకాయ అమ్ముకునే బతికేది. ఆ మడికి ఎరువంతా ఆ కుప్పే. చలికాలం వచ్చిందంటే తాను దుప్పటి కప్పుకున్నా లేకున్నా, కుప్ప మీద మాత్రం పాత గోనె సంచులు పడేవి. బస్టాండు హోటల్లో వాడేసిన చాయ్‌పత్తిని డబ్బాలో పట్టుకొచ్చి దానికి పోసేది. అరటి తొక్కనైనా చింపి వేయకపోతే ఒప్పుకునేది కాదు. నేను ఒకసారి చింపకుండా తొక్క విసిరితే, ఏరి నా చేతికే తిరిగిచ్చింది. తడి ఎంత ఉండాలని అడిగితే, "పిండిన బట్టోలె ఉండాలె బిడ్డా, కారొద్దు" అనేది. ఆ సేవలు చూసి నాకు నవ్వొచ్చేది. అత్తగారికి కూడా ఎవరూ అంత చేయరు.

ఒక చలికాలం అవ్వ జనగామలో కూతురింటికి పోతూ, బర్రెను పొరుగువాళ్లకు, కుప్పను నాకు అప్పగించింది. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి పోయేసరికి కుప్పలోంచి పొగ. ముందు రోజు సాయంత్రం పొయ్యిలో బూడిద దాని మీదే పోశాను. అందులో నిప్పు ఉండిపోయి అంటుకున్నదనుకున్నాను. పక్కనే గడ్డివాము. సంచులు లాగిపారేసి, గోలెంలో నీళ్లన్నీ బిందెతో గుమ్మరించాను. పొగ పోయింది. ఇల్లు కాపాడానని మావారి ముందు రోజంతా గొప్పలు చెప్పుకున్నాను.

తర్వాతి రోజు అవ్వ తిరిగొచ్చింది. నేను చెప్పిందంతా విని, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది.

"అది పొగ గాదు బిడ్డా, ఆవిరి. సలికి దాని ఊపిరి గట్ల కనవడ్తది."

కుప్ప చచ్చిపోయిందా అవ్వా అని అడిగాను.

"సావలే. సల్లవడ్డది, గంతే."

ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉన్నట్టు కనబడలేదు. లోపల పుట్టే వేడికే పెంట మాగి ఎరువవుతుందట. ఎండాకాలానికి అది మాగకపోతే ఆ ఏడు మడి బీడు పెట్టుకోవాల్సిందే. నా తెలివి వల్ల ఒక ముసలామె నోటికాడి కూడు పోతున్నదని సిగ్గుతో చచ్చిపోయాను.

ఇద్దరం కుప్పను విప్పి రెండు రోజులు ఎండకు ఆరబెట్టాం. పల్లికాయ పొట్టు, జొన్నచొప్ప ముక్కలు, బర్రె పచ్చిపేడ కలిపి మళ్లీ పేర్చి సంచులు కప్పాం. నడుమ ఒక మోదుగు కర్ర గుచ్చింది అవ్వ. పొద్దున్నే దాన్ని లాగి పట్టుకుంటే లోపల వేడి పుట్టిందో లేదో తెలుస్తుందట. వారం రోజులు అది చల్లగానే వచ్చింది. నాకు ముద్ద దిగలేదు. పెంటకుప్ప మీద బెంగతో చిక్కిపోయిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని మావారు ఏడిపించేవారు. అవ్వ మాత్రం ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఇవాళ్టికీ నేను ఆమెకు మొక్కేది అందుకే.

ఎనిమిదో రోజు పొద్దున తలుపు కొట్టింది. కర్ర నా చేతికిచ్చింది. వెచ్చగా ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి, అక్కడే గడపలో కూలబడి ఏడ్చాను.

"ఇగ లే," అన్నది అవ్వ. "గిన్ని దినాలాయె నువ్వు సక్కగ తినక. నేను సూస్తలేననుకున్నవా? జొన్నరొట్టె చేసిన, రా."

ఆమె చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను పేడ అంటుతుందని కూడా చూడకుండా, ఆ కర్రను చెంపకు ఆనించుకుని గడపలోనే కాసేపు కూర్చున్నాను.