బర్మా ఓడ ఎందుకాగింది

చేతుల్లో జల్లెడ, నోట్లో బర్మా. తాండూరు మార్కెట్ యార్డులో హమాలి నర్సప్ప అంటే అంతే. "అన్నా, చాయ్‌ల చక్కెర సరిపోయిందా?" అని అడిగితే, "మనకూ బర్మాకూ దోస్తీ ఎట్ల మొదలైందో ఎరుకేనా?" అంటాడు. కొడుక్కి పిల్లను చూడబోయినప్పుడు, ఏదైనా అడగమంటే, "బర్మా కందులు మనకెందుకొస్తయి బిడ్డా?" అని అడిగాడు. సంబంధం కుదిరింది గానీ, కోడలు నిరోషా ఇప్పటికీ మామ ఎదురైతే పక్క సందులోకి తిరుగుతుంది.

ఆ పొద్దున ఆయన జల్లిస్తున్నవి యాలాల్ ఊరి ఎంకమ్మ కందులు. నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర బండలు నున్నగా ఉన్నాయని మురిసి, ఆమె వాటిమీదే ఆరబోసింది. అంచులు కోసినప్పుడు రాలిన రాతిరవ్వ కందుల్లో కలిసిపోయింది. ఖరీద్దారు కంట పడితే ధర తెగ్గోస్తాడు. ఆమె ఏడాది కష్టమంతా ఆ కుప్పే.

సగం జల్లించకముందే ఖరీద్దారు చంద్రకాంత్ వచ్చేశాడు. నర్సప్ప ఆయన్ను కుప్పకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు.

"సేటూ, జర కూసో. బర్మా ముచ్చట చెప్త."

పక్కనే ఉన్న ఎంకమ్మ గబగబా ముందుకొచ్చింది. బర్మా కందులు దిగాయంటే ఇక్కడ ధర పడుతుందని ఎవరికి తెలియదు?

"నర్సప్పన్నా, నీ కాల్మొక్త, నా కుప్ప కాడ గా మాట తియ్యకు!"

"నువ్వాగక్కా. ఒకప్పుడు మనమూ బర్మా తెల్లోల్ల ఒక్క దొరతనం కిందనే ఉంటిమి సేటూ..."

"మొన్న చెప్పినవ్ గద నర్సప్పా!"

"మొన్నటిది బియ్యం కాలం. ఇయ్యాలది కందుల కాలం."

జల్లెడ ఆగలేదు. నర్సప్ప ముచ్చట్లో రెండు దేశాలు విడిపోయాయి. అక్కడ దుకాణాలు పోగొట్టుకున్న మనవాళ్లు తిరిగొచ్చారు. మూసుకున్న తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. అక్కడి పప్పులు మనం కొనే ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి చంద్రకాంత్ ఆవలించి లేవబోయాడు.

"ఉండు సేటూ, కందుల ఓడ ఇంకా రంగూన్ రేవు దాటలే!"

ఎంకమ్మ జల్లెడ కిందికి చూసింది. రాతిరవ్వ గుట్టగా పడి ఉంది. ఓడ ఎందుకు కదలడం లేదో అప్పుడర్థమైంది. ఇన్నేళ్లలో ఆ ఓడ ఎవరెవరి కుప్పల కోసం ఇలా ఆగిందో! గబుక్కున చాట అందుకుంది.

"తర్వాత ఏమైందే అన్నా? తొందరేంది, మంచిగ చెప్పు!"

చంద్రకాంత్ తల పట్టుకున్నాడు. "నీకు గూడ తగిలిందా అక్కా, గీ రోగం?"

ఎంకమ్మ చాటతో చెరుగుతూనే ఉంది, నర్సప్ప ఓడను సముద్రం మధ్య నిలబెడుతూనే ఉన్నాడు. ఆఖరి జల్లెడ దులిపాక ఓడ ఒక్క ఊపున మద్రాసు చేరింది. నర్సప్ప గుప్పెడు కందులు తీసి చంద్రకాంత్ అరచేతిలో పోశాడు.

"ఇగ చూస్కో సేటూ."