ఏడో ఐటం

నా ఆఖరి రేటును జీవితంలో ఒక్క మనిషికే చెప్పాను. అదీ అతను అడగ్గానే, నవ్వుతూ, చేతిలో టీ సగం కూడా తాగకముందే చెప్పేశాను. పూర్ణా మార్కెట్లో పప్పుల కొట్టు మీద మూడు తరాలు బతికిన ఇల్లు మాది. ఇంతటి ఘనకార్యం ఆ ఇంట్లో నాకు ముందు ఎవరూ చేయలేదు.

మా నాన్న కందిపప్పు ధర అడిగినవాళ్ళకు ఎప్పుడూ కిలోకు రెండు రూపాయలు ఎక్కువే చెప్పేవాడు. ఆ రెండు రూపాయలు లాభం కోసం కాదు. కొనేవాడు బేరమాడి తగ్గించుకోవాలి, ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకోవాలి, వచ్చే నెల మళ్ళీ మన కొట్టుకే రావాలి. నిజంగా ఎంతకు ఇవ్వగలమో ఆ అంకె మాత్రం నాన్న కడుపులోనే ఉండేది. "ఆకరి రేటు సెప్పీసినాక ఇంకేటుంటాది మన దగ్గిర?" అనేవాడు.

నేను కొట్టులో కూర్చోలేదు. నాలుగు అక్షరాలు చదువుకుని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. నిధుల కోసం ప్రతిపాదనలు రాసే పని నాకు అప్పజెప్పారు. మిగతావాళ్ళు దాన్ని సేవ అనేవారు. నాకు మాత్రం అది కొట్టే. దాత లోపలికి రాగానే అతని చూపు ఏ బస్తా మీద ఆగుతుందో కనిపెట్టాలి. పిల్లల మీద ఆగితే బడిని ముందుకు జరపాలి, చెట్ల మీద ఆగితే బడి వెనక నాలుగు మొక్కలైనా నాటాలి. ఒకరికి 'సాధికారత' అన్న మాట లేకపోతే పేజీ తిరగదు. ఇంకొకరికి ఆ మాట కనిపిస్తే ఆవలింత వస్తుంది. బడ్జెట్లో రెండు మూడు ఐటంలను కాస్త ఉబ్బించి పెట్టేవాణ్ణి, వాళ్ళు కోసుకోవడానికి. కోసుకున్నాక వాళ్ళ ముఖంలో కందిపప్పు కొన్నవాడి తృప్తే కనిపించేది. అలా ఏడెనిమిది గ్రాంట్లు తెచ్చాను. తలకెక్కింది కూడా.

ఆ రోజుల్లోనే జాలరిపేట నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు మా ఆఫీసుకు వచ్చారు. వాళ్ళకు ముందు నడిచినామెను పేటంతా అప్ప అంటుంది, అంటే అక్క. నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి, కుర్చీ చూపిస్తే నేల మీదే కూర్చుంది. తెల్లవారుజామునే పడవలు ఒడ్డుకు వస్తాయి. వీళ్ళు వేలం పాటలో చేపలు కొని, అక్కడే ఇసుక మీద గంపలు పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో అమ్ముతారు. నీడకు ఒక షెడ్డు, చేపలకు ఐసు పెట్టెలు కావాలన్నారు. నేను రాసుకుంటుంటే అప్ప నా పెన్నుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఐసు తరవాత రాసుకో బాబూ. ముందు బాత్రూము రాయి."

"అదీ రాస్తానప్పా."

"అదీ కాదు, అదే. నాలుగ్గంటలకి వొచ్చినోలం మద్దినేల రెండు దాకా ఎక్కడికెల్తాం? మగోలకి సముద్రముంది. మాకేటుంది? నీల్లు తాగడమే మానీసినాం. ఎండలో కూకుని నీల్లు తాగకపోతే ఏటవుద్దో సదువుకున్నోడివి, నీకు తెల్దా?"

"అప్పకి కిడ్నీలో రాళ్ళు రెండుపాలి వొచ్చినాయి బాబూ," అంది వెనక నుంచి ఒకామె.

"నీకు రాలేదేటే? నా రాళ్ళే లెక్కెడతన్నావ్!" అని అప్ప గదిమింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బాత్రూమును పట్టికలో ఏడో ఐటంగా రాశాను. కొట్టు ముందు వరసలో పెట్టే సరుకు వేరు. ఐసు పెట్టె ఫోటోకు బాగుంటుంది, మరుగుదొడ్డి బాగుండదు.

ఆ ప్రతిపాదనను పరవాడ వైపున్న ఒక కంపెనీకి పట్టుకెళ్ళాను. అక్కడ సామాజిక బాధ్యత నిధులు చూసే అధికారి మా వైపువాడే, పల్లెటూరి రైతుల ఇంటి నుంచి వచ్చినవాడు. రెండోసారి కలిసినప్పుడే "బావా" అన్నాడు. మా దగ్గర మగాళ్ళు ఆ మాట దారి అడిగిన ఆటోవాడితోనూ అంటారు, దానికి పెద్ద బరువు లేదు. ఆ సంగతి తెలిసీ నేను దాన్ని మోయడం మొదలుపెట్టాను. చందనోత్సవం నాడు వాళ్ళ అమ్మగారిని సింహాచలం తీసుకెళ్ళి, క్యూలో ఆమె చెప్పులు నా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నెలకోసారి వాళ్ళింటికి వంజరం చేప వెళ్ళేది. అది అప్ప గంపలోది. డబ్బులివ్వబోతే, "మన పని మీదే గదా ఎల్తన్నావ్, పట్టుకెల్లు," అనేది. ఇలా ఏడాదిన్నర గడిచింది.

ఒకరోజు కంపెనీ క్యాంటీన్లో టీ తాగుతుంటే అతను గొంతు తగ్గించాడు.

"పైన కమిటీ ఉంది బావా. బడ్జెట్టు బరువుగా ఉందంతన్నారు. నాకొక్కడికే సెప్పు, ఆకరికి ఎంతకవుద్ది?"

"నువ్వెంత ఇప్పించగలవో నువ్వు చెప్పు ముందు."

"నాతోనూ బేరమేటి? నాను బయటోడినా?"

ఆ ఒక్క ప్రశ్నకు నేను పడిపోయాను. ఉబ్బించినదంతా తీసేసి అసలు అంకె చెప్పాను. అతను కప్పు కింద పెట్టి, "ఇంకా?" అన్నాడు.

"ఏడోది తీసేస్తే ఇంకో రెండు లక్షల ఎనభై వేలు తగ్గుతుంది."

"మెయిల్లో ఎట్టీ బావా. మిగతాది నాను సూసుకుంతాను."

అప్పుడు నా మనసులో ఉన్న లెక్క కూడా చెప్పాలి. ముందు షెడ్డు మంజూరు కానిద్దాం, ఈ గిరాకీ మన దగ్గరే ఉంటాడు, రెండో ఏడాది బాత్రూము మళ్ళీ పెడదాం అనుకున్నాను. మెయిల్ పెట్టేశాను. అప్ప అడిగితే అంతా బాగానే జరుగుతోందన్నాను.

మూడు నెలల తర్వాత ప్రస్తుతానికి అవకాశం లేదని మాకు రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. ఆ వారంలోనే అప్ప ఫోన్ చేసింది. "ఎవరో వొచ్చి ఇసకలో కొలతలు తీత్తన్నారు బాబూ. మీవోలేనా?"

వెళ్ళి చూశాను. బోర్డు పాతారు. మాకంటే పదింతల పెద్ద సంస్థ పేరు ఉంది, కంపెనీ గుర్తు ఉంది, వాటి కింద 'వల నుంచి గంప దాకా చల్లని దారి' అన్న వాక్యం ఉంది. ఆ వాక్యం నాది. దాన్ని కుదుర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. షెడ్డు కొలతలు నావి, ఐసు పెట్టెల సంఖ్య నాది. బోర్డు మీద వేసిన మొత్తం ఖర్చు మాత్రం నా ఆఖరి రేటుకు సరిగ్గా పదివేలు తక్కువ. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"నా రేటు వాళ్ళకి చెప్పావా?"

"అలగంతావేటి బావా! మీది సిన్న సంస్థ, ఆడిట్లు సాలవని కమిటీ అంది. ఐడియా పాడైపోకూడదని ఆల్లకిచ్చాను. ఆ రేటుకి అవుద్దని నువ్వే గదా అన్నావ్. పని జరుగుతంది గదా, మనకి కావాల్సిందదే గదా?"

తిట్టడానికే ఫోన్ చేశాను. నోట్లోంచి మాత్రం "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని వచ్చింది. బేరం చెడినా గిరాకీని పలకరించి పంపడం మా ఇంటి అలవాటు.

"బానే ఉంది బావా. నిన్నే అడుగుతంటాది."

ఆ తర్వాత షెడ్డు లేస్తున్నన్నాళ్ళూ విన్నవాళ్ళకూ విననివాళ్ళకూ నా మోసపోయిన కథ చెప్పుకుంటూ తిరిగాను. అప్ప ఇంటికీ వెళ్ళి చెప్పాను. ఆమె నాకు చేపల పులుసుతో అన్నం పెట్టి, "ఆడి పాపం ఆడిదిలే, తిను," అంది. రెండోసారి వడ్డించింది కూడా.

షెడ్డు ప్రారంభం రోజున రిబ్బన్లూ ఫోటోలూ అయిపోయాక అప్ప లోపల ఒక చుట్టు తిరిగింది. వెనక్కి వెళ్ళి చూసి మళ్ళీ వచ్చింది.

"బాత్రూమేదీ?"

ఆ పెద్ద సంస్థ ఇంజినీరు మర్యాదస్తుడు. "మాకిచ్చిన కాగితాల్లో లేదమ్మా," అని ఫైలు తీసి వెతికి, ఒక కాగితం నా చేతికిచ్చాడు. "సార్‌కి తెలుసేమో."

అది నా మెయిల్. అచ్చు తీసి ఫైల్లో పెట్టారు.

"సదువు బాబూ," అంది అప్ప. "ఇంగిలీసులో ఏటుందో తెలుగులో సెప్పు."

నేనేం చెప్పినా అక్కడ నమ్మేవాళ్ళు. కంపెనీవాళ్ళే కొట్టేశారని ఒక్క ముక్క అంటే సరిపోయేది, ఇంజినీరు కూడా పట్టించుకునేవాడు కాదు. కాగితం మీద రెండు వాక్యాలున్నాయి. మొదటిది చదివాను. "ఏడో ఐటం అయిన మరుగుదొడ్డిని తీసేయవచ్చు." రెండోది రాసిన సంగతే నేను మరిచిపోయాను. దాన్నీ చదివాను. "ఇందుకు మహిళలకు అభ్యంతరం లేదు."

అప్ప ఆ కాగితం మీద వేలు పెట్టింది.

"అబ్బెంతరం లేదని ఎవులు సెప్పినారు?"

"నేనే రాశానప్పా."

"మమ్మల్నెప్పుడడిగినావు?"

"అడగలేదు."

"ఆడు నిన్ను మోసం సేసినాడని నా ఇంటికొచ్చి ఏడిసినావు గదా," అంది. గొంతు పెంచలేదు. "నాను ఓదార్సినాను నిన్ను." గంప నడుముకు ఎత్తుకుని షెడ్డు రెండో చివరకు వెళ్ళిపోయింది.

ఇక బిల్లు. ఇందులో ఉబ్బించిన అంకె ఒక్కటీ లేదు.

షెడ్డు గట్టిగా ఉంది. నేను కట్టించినా అంతకంటే బాగా వచ్చేది కాదు. చేప పాడవడం తగ్గింది, కొనేవాడు తొందరపెట్టి ధర విరిచే రోజులు తగ్గాయి. అది వాళ్ళ జమ, అందులో నాకు వాటా లేదు. నా వాక్యం, నా అంకెలు, ఏడాదిన్నర తిరుగుడు ఆ కంపెనీ అధికారి పేరున రాశాను. అవి అతను తీసుకున్నాడు, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఏడో ఐటంను కూడా అతని పేరునే రాద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. అతను "ఇంకా?" అని మాత్రమే అడిగాడు. ఏది తీయాలో ఎంచింది నేను. నాది కాని సరుకును తూకం కూడా వేయకుండా ఇచ్చేశాను.

తర్వాత మరుగుదొడ్డి కోసమే విడిగా మూడు ప్రతిపాదనలు రాశాను, మూడు చోట్లా అసలు ధరకే. ఇంత చిన్న పనికి నిధులు ఇవ్వలేమని ఇద్దరన్నారు. మూడో వాళ్ళు జవాబివ్వలేదు. అప్ప నాతో మాట్లాడుతుంది. కావాల్సినంతే మాట్లాడుతుంది.

పోయిన వారం వెళ్ళాను. ముప్పై ఆరుగురు షెడ్డు నీడలో కూర్చుని అమ్ముకుంటున్నారు, పక్కన పెట్టెల నిండా ఐసు ఉంది. ఒక్కరి దగ్గరా నీళ్ళ సీసా లేదు. అది నా పద్దు.